పిల్లలు నిప్పు తిప్పుతామంటే... ముందు వత్తి చూడండి

హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన కొడుకో, బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న కూతురో ఫోన్‌లో ఒక వీడియో చూపిస్తారు. గోవా బీచ్. చీకటి. రెండు గొలుసుల చివర మండుతున్న రెండు ముద్దల్ని ఓ అమ్మాయి ఒంటి చుట్టూ గిరగిరా తిప్పుతుంటుంది. గాల్లో నిప్పు చక్రాలు, నిప్పు పూలు. మీరు నోరు తెరిచి చూస్తుండగానే పక్కనుంచి మాట వినిపిస్తుంది: 'నేనూ నేర్చుకుంటున్నా.' ఇంకేముంది, టీవీ కట్టేసి మరీ గొడవ మొదలవుతుంది.

మీరు వద్దనడంలో తప్పేమీ లేదు. కాలిన గాయం ఎంత నరకమో తెలిసినవాళ్లెవరూ నిప్పుతో ఆటను తేలిగ్గా తీసుకోరు. మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఓ మోస్తరు నుంచి తీవ్రమైన కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్కలో మన ఇంటి పేరు చేరాలని ఎవరు కోరుకుంటారు?

కానీ ఇరవై ఏళ్ల పిల్లల విషయంలో మన 'వద్దు' ఇంటి గుమ్మం దాకానే పనిచేస్తుంది. గుమ్మం దాటాక ఏం జరుగుతుందో ఒకసారి ఆలోచించండి. మిమ్మల్ని డబ్బు అడగలేరు, చెప్పి చేయలేరు. పాత జీన్స్ ప్యాంటు చింపి, ఇనుప తీగతో చుట్టి, బండిలోంచి కాస్త పెట్రోలు తీసి హాస్టల్ మేడ మీద మొదలుపెడతారు. నా భయం ఆ మేడ గురించే. గోవా బీచ్ గురించి కాదు.

అందుకే నేను చెప్పేది కొంతమందికి రుచించకపోవచ్చు. ఇంట్లో 18 ఏళ్లు నిండినవాళ్లు ఈ విద్య నేర్చుకోవాలని గట్టిగా పట్టుబడితే, వాదన పక్కనపెట్టి, ఆ గొలుసు చివర ఉండే వత్తి గుండును మీరే దగ్గరుండి చూసి కొనిపించండి. తిప్పే నేర్పు మీకు లేకపోవచ్చు. వత్తి మంచిదో కాదో తేల్చడానికి మాత్రం వంటింటి త్రాసు, పట్టకారు, రెండు కళ్లు చాలు. ఇక 18 నిండనివాళ్లకు నిప్పు వద్దే వద్దు. ఆ విషయంలో నాతో వాదించినా లాభం లేదు.

పొయ్యి కాదు, పోయ్

ఈ ఆట పేరు పోయ్. మన వంటింటి పొయ్యితో దీనికి చుట్టరికం ఏమీ లేదు. న్యూజిలాండ్‌లోని మావోరీల భాషలో పోయ్ అంటే బంతి. తాడు చివర తేలికైన బంతి కట్టి పాటకు తగ్గట్టు తిప్పడం, చేతికీ ఒంటికీ తగిలించి చప్పుడు చేయడం మావోరీ స్త్రీల నాట్యంలో ఒక భాగం. అందులో నిప్పు లేదు. నిప్పు పసిఫిక్ దీవుల ప్రదర్శనల దారిలో తర్వాత వచ్చి చేరింది. సమోవా కత్తి నాట్యానికి ఫ్రెడ్డీ లెటూలీ అనే కళాకారుడు 1946లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మంట జోడించాడు. తర్వాతి దశాబ్దాల్లో పోయ్ కూడా మంట అంటించుకుంది. బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని దేశాలు తిరిగే కుర్రకారుతో పాటు ఊరూరూ తిరుగుతూ గోవాలోని ఆరంబోల్ బీచ్ దాకా వచ్చింది. అక్కడినుంచి మన పిల్లల ఫోన్లలోకి రావడానికి ఎంతసేపు?

ఒక మాట చెప్పాలి. నిప్పు లేని పోయ్ నిజంగా మంచి వ్యాయామం. ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న పెద్ద వయసువాళ్లతో చేసిన పరిశోధనలో, నెల రోజుల సాధనతో తూలకుండా నిలబడగలగడం, చేతుల బలం, ఏకాగ్రత మెరుగుపడ్డాయని తేలింది. తాయ్ చీ చేసినవాళ్లలోనూ అలాంటి ఫలితాలే కనిపించాయి. కాబట్టి సాక్సులో పెసలు పోసుకుని మేడ మీద తిప్పుకునే తాతయ్య కనిపిస్తే నవ్వకండి.

తగిలి వెళ్లిపోవాలి, అతుక్కోకూడదు

ఈ ఆటలో మంట ఒంటికి తగలదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎంత నేర్చినవాళ్లకైనా ఎప్పుడో ఒకప్పుడు భుజానికో, మోచేతికో, తొడకో గుండు తగులుతుంది. తగిలినవాళ్లంతా ఆసుపత్రి పాలు కారు. కారణం ఏమిటంటే, చర్మం ఎంత లోతుగా కాలుతుందన్నది వేడి మీదే కాదు, ఆ వేడి ఎంతసేపు అంటిపెట్టుకుని ఉందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. కొవ్వొత్తి మంటలోంచి వేలు చటుక్కున అటూ ఇటూ కదిపితే ఏమీ కాదు. అదే వేలు అక్కడ ఆపితే బొబ్బ లేస్తుంది. రెప్పపాటు తగిలి వెళ్లిపోయే మంట చేతి మీది రోమాలను కమురు వాసన పట్టించి వదిలేయవచ్చు. కరిగి అతుక్కునే గుడ్డ, ఒంటి మీదికి చిందే ఇంధనం, వాత పెట్టే ఇనుము, చేతికి చుట్టుకుని విడివడని గొలుసు - ఇవే లోతు గాయాలు చేసేవి.

ఈ నాలుగూ చాలావరకు తిప్పేవాళ్ల నేర్పు మీద కన్నా వత్తి గుండు తయారీ మీద ఆధారపడతాయి. మీరు డబ్బు పెట్టాల్సింది అక్కడే. గొలుసు రంగు మీదా కాదు, మెరిసే చేతి పట్టీల మీదా కాదు.

వత్తి పనేమిటో తెలియాలంటే దేవుడి గదిలోకి వెళ్లండి. ప్రమిదలో నూనె ఉన్నంతసేపు వత్తి కొస మాత్రమే నల్లబడుతుంది. కాలేది నూనె. దాన్ని పైకి లాగి మంటకు అందించడమే వత్తి పని. నూనె అడుగంటితే మంట వత్తిని తినడం మొదలుపెడుతుంది. పోయ్ గుండులోనూ జరిగేది ఇదే. కాకపోతే ఇక్కడ ప్రమిద ఉండదు. ఇంధనమంతా వత్తి కడుపులోనే ఉంటుంది. ఒకసారి తడిపితే సాధారణంగా మూడు నాలుగు నిమిషాలు మండుతుంది. ఆఖరి క్షణాల్లో ఇంధనం అయిపోతుంటే వత్తే కాలడం మొదలవుతుంది. అప్పుడు ఆ వత్తి దేనితో నేసిందన్నది అసలు ప్రశ్న.

నూలు అయితే ఏమవుతుంది? మన దీపావళి దివిటీలు గుర్తు తెచ్చుకోండి. గోగు కర్రలకు పాత పంచె గుడ్డ వత్తులు కట్టి, నూనెలో తడిపి వెలిగించి, పిల్లల చేత నేలకు కొట్టించి, ఓ మూల పడేసి, కాళ్లు కడిగి మిఠాయి పెట్టేవాళ్లు. ఆ పనికి నూలు గుడ్డ చక్కగా సరిపోయింది. ఒక్కసారి కాలి బూడిదైతే చాలు. దాన్ని ఎవరూ గొలుసుకు కట్టి మెడ చుట్టూ తిప్పలేదు. తిప్పే గుండులో నూలు కాలుతుంటే పోగులు తెగి, కణకణలాడే ముక్కలు గాలికి ఎగిరిపోతాయి. జుట్టులో పడితే మీకు కనిపించదు కూడా. నాలుగైదు సార్లు వెలిగించాక ముద్ద వదులై, ఏదో ఒక చుట్టులో మొత్తం ఊడి అవతలపడుతుంది. అవతల ఎవరుంటారో చెప్పలేం.

పాలిస్టర్ కలిసిన గుడ్డ ఇంకా ప్రమాదం. అది 250-260 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. మంట అంతకన్నా ఎన్నో రెట్లు వేడి. కరిగిన బొట్టు చర్మం మీద పడితే జిగురులా అతుక్కుంటుంది. తుడవబోతే చర్మంతో సహా వస్తుంది. పాత జీన్స్‌లో సాగే గుణం ఉందంటే అందులో నూలుతో పాటు ఇలాంటి కృత్రిమ పోగులు కలిసినట్టే.

కొనాల్సింది ఆరమిడ్ పోగుతో నేసిన పట్టీ లేదా తాడు. కెవ్లార్ అన్న పేరుతో మనకు తెలిసింది ఈ జాతిదే. 1965లో అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన పోగు ఇది. పోలీసుల బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాల్లో వాడేదీ ఇదే. ఇది కరగదు. 450 డిగ్రీలు దాటాక మెల్లగా మాడి బొగ్గవుతుంది, అంతే. అలాగని చావులేని వత్తి అనుకోకండి. ఆరిపోయే దాకా ప్రతిసారీ మండనిస్తే అదీ త్వరగా పాడవుతుంది. మంట చిన్నదవుతున్నప్పుడే ఆర్పేస్తే చాలాకాలం వస్తుంది.

అసలుదో కాదో ఇంట్లో తేల్చుకోవడం కష్టం కాదు. ఆరమిడ్ సహజంగా బంగారు పసుపు రంగులో ఉంటుంది. రంగు ఒక్కటే చూసి మోసపోకండి, నూలుకు పసుపు రంగు వేయడం ఎంత పని? నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, బయట సిమెంటు నేల మీద అగ్గిపుల్ల చూపించండి. కరిగి ముత్యంలా ముడుచుకుంటే పాలిస్టర్ లేదా నైలాన్. కాగితంలా అంటుకుని, మంట తీసేసినా కణకణలాడుతూ మెత్తటి బూడిదైతే నూలు. అంటుకోవడానికి మొండికేసి, నల్లబడి, అగ్గిపుల్ల తీయగానే ఆరిపోతే ఆరమిడ్. ఇంకో గుర్తు, ఇంట్లోని మామూలు కత్తెరతో దాన్ని కోయడం చాలా కష్టం. పట్టీ నున్నగా రెండు ముక్కలైతే అనుమానించాల్సిందే.

కొన్ని పట్టీల్లో ఆరమిడ్‌తో పాటు గాజు పోగు కలుపుతారు. మంటకు బాగానే తట్టుకుంటాయి కానీ పాతబడ్డాక గాజు నూగు రాలి చేతులకు దురద పెడుతుంది. మొదటి జతకు పూర్తి ఆరమిడే మేలని నా అభిప్రాయం. బాయిలర్లు, కొలుముల సామాన్లు అమ్మే దుకాణంలో 'మంటకు ఏమీ కాని తాడు' అంటూ తెల్లటి, బూడిదరంగు తాడు చూపిస్తే మాత్రం దండం పెట్టి బయటికి రండి. అది ఆస్బెస్టాస్ కావచ్చు. మంటకు దానికేమీ కాదు, నిజమే. అయ్యేది మన ఊపిరితిత్తులకు. ఆస్బెస్టాస్ అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. అలాంటి తాడును ముఖం ముందు గిరగిరా తిప్పితే ఆ నూగు ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా?

పెద్ద మంట మోజు

కొనేటప్పుడు పిల్లలు చేసే మొదటి పొరపాటు పెద్ద గుండు అడగడం. వీడియోలో పెద్ద మంట బాగా కనబడుతుంది మరి. ఇక్కడ మీరు కాస్త మొండిగా ఉండండి.

చిన్న లెక్క చూద్దాం. 60 సెంటీమీటర్ల గొలుసు చివర 200 గ్రాముల గుండును సెకనుకు ఒకటిన్నర చుట్ల వేగంతో తిప్పితే, అది చేతిని లాగే బలం కిలో బరువును దాటుతుంది. వేగం రెట్టింపు చేస్తే ఆ లాగుడు నాలుగింతలవుతుంది. అలవాటు లేని మణికట్టుకు, భుజానికి అది చిన్న బరువేం కాదు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని మెడ పట్టేసిన మన ఐటీ పిల్లలకు అసలే కాదు. మణికట్టు అలిసిపోయిన క్షణంలో వృత్తం వంకర పోతుంది. వృత్తం వంకర పోతే గుండు వచ్చి తగిలేది ఒంటికే.

పెద్ద గుండు ఎక్కువ ఇంధనం తాగుతుంది. అంటే బరువు ఇంకా పెరుగుతుంది, చిందేదీ పెరుగుతుంది, మంట ముఖానికి దగ్గరవుతుంది. అందుకే కొన్న గుండును వంటింటి త్రాసు మీద పొడిగా ఒకసారి తూచండి. ఇంధనంలో ముంచి, బాగా ఓడ్చాక మూత ఉన్న డబ్బాలో పెట్టి మళ్లీ తూచండి. డబ్బా బరువు తీసేయడం మరిచిపోకండి. పొడిగా 110 గ్రాములున్నది తడిశాక 150 అయిందనుకోండి, ఆ 150 గ్రాములే అసలు బరువు. సాధన సాక్సులో సరిగ్గా అంతే బరువు పెసలు పోసి తిప్పమనండి. ఆ సాక్సు పది నిమిషాల పాటు ఒంటికి ఒక్కసారి కూడా తగలకుండా తిప్పగలిగిన రోజున అగ్గిపెట్టె గురించి మాట్లాడుకోవచ్చు. ఇది నేను పెట్టుకున్న కొలత. కఠినమని పిల్లలు గొణిగితే గొణగనివ్వండి. నా లెక్కలో మొదటి జత ఒక్కోటి పొడిగా 100 గ్రాముల చుట్టుపక్కల ఉంటే చాలు.

ఆకారాల సంగతికొస్తే ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. పట్టీని బోల్టు చుట్టూ చాపలా చుట్టి, రెండు వైపులా వాషర్లు బిగించినది ఒకటి. చీర కుచ్చిళ్లలా పట్టీని మడతలు పెట్టి మధ్యలోంచి బోల్టు దించినది రెండోది. మడతల అంచులన్నీ గాలికి తెరుచుకుని ఉండటంతో మంట బాగా విచ్చుకుంటుంది, వీడియోల్లో మురిపించేది ఎక్కువగా ఇదే. మూడోది తాడును బంతిలా ముడివేసినది. ఇంగ్లిషులో దాన్ని మంకీ ఫిస్ట్ అంటారు. కోతి పిడికిలన్నమాట. చూడ్డానికి అంత ఆడంబరంగా ఉండదు కానీ, బయటికి ఇనుము కనిపించదు. తగిలినప్పుడు తగిలేది తాడే.

కొత్తవాళ్లకు నా ఓటు ఈ కోతి పిడికిలికే. చుట్ట రకంలో అడుగున ఉండే వాషరు, నట్టు నేరుగా మంటలో కాగుతుంటాయి. తగిలిన చోట గుండ్రంగా వాత పడుతుంది. మంట ఆరిపోయాక కూడా ఇనుము చాలాసేపు కాలుతూనే ఉంటుంది. ఆరింది కదా అని చేత్తో పట్టుకుని బొబ్బలు తెచ్చుకునే ప్రమాదం ఉంది. మడతల రకమే కావాలని పట్టుబడితే, బోల్టు తల పైకి పొడుచుకు రాకుండా వత్తి మడత కింద దాగి ఉందో లేదో వేలితో తడిమి చూడండి. ముడి రకంలో ఒక ఇబ్బంది ఉంది, అదీ చెబుతాను. దాని కడుపు లోతు. పైకి పొడిగా కనిపించినా లోపల ఇంధనం దాగి ఉంటుంది. ఓడ్చడానికి ఓపిక కావాలి.

గుండును గొలుసుకు కలిపే చోట తాళం చెవుల రింగు లాంటిది వేసి అమ్మితే ఒప్పుకోకండి. వేడికి దాని బిగువు పోయి విచ్చుకుంటుంది. మరతో బిగించే స్టీలు లింకు ఉండాలి. తుప్పు పట్టకుండా జింకు పూత పూసిన సామాను మంట దగ్గర పనికిరాదు. జింకు 420 డిగ్రీలకే కరుగుతుంది, దాని పొగ పీల్చడమూ మంచిది కాదు. స్టెయిన్‌లెస్ స్టీల్ అడగండి. గుండుకు ఆనుకుని నైలాన్ తాడు ఉందంటే ఆ జత ముట్టుకోనక్కర్లేదు. ఇక చేతి వేళ్లకు తగిలించుకునే పట్టీలు చెయ్యి విదిలిస్తే ఊడి వచ్చేలా ఉండాలి. గొలుసు మోచేతికి చుట్టుకుని గుండు ఒంటికి ఆనుకుపోయిన క్షణంలో పట్టీ ముడి విప్పుకునే సమయం దొరకదు.

ముంచేది ఎందులో

పెట్రోలు వద్దు. థిన్నర్ వద్దు. శానిటైజర్ వద్దు. పెట్రోలు ఆవిరి సున్నాకు 40 డిగ్రీల కిందనైనా అంటుకోగలదు. డబ్బా మూత తీసిన చోటినుంచి ఆవిరి నేల మీద పాకి దూరంగా ఉన్న నిప్పురవ్వను కూడా అందుకుంటుంది. స్పిరిట్, శానిటైజర్ లాంటివి మండితే పగటి వెలుతురులో మంటే సరిగా కనిపించదు. అంటుకుందని తెలిసేలోపే కాలుతుంది. కిరసనాయిలు అంటుకోవాలంటే కనీసం 35 డిగ్రీలకైనా వేడెక్కాలి, అందుకే అది కాస్త నయం. దీపాలకు వాడే పారఫిన్ ఆయిల్ దొరికితే ఇంకా మంచిది, పొగ, వాసన తక్కువ. అన్నట్టు, మన మే నెల ఎండకు మేడ మీద పెట్టిన కిరసనాయిలు డబ్బా ఆ 35 డిగ్రీలను ఎప్పుడో దాటేస్తుంది. నీడ పట్టున పెట్టించండి.

ముంచిన గుండును నేరుగా వెలిగించకూడదు. మూత ఉన్న డబ్బాలో ఊపో, గ్లౌజు వేసుకుని పిండో మిగులు ఇంధనమంతా తీసేయాలి. చుక్క కారకూడదు. కారే చుక్క మొదటి చుట్టులోనే చొక్కా మీద పడుతుంది. పిండాక గ్లౌజులు తీసేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, ఇంధనం డబ్బా మూత బిగించి పది అడుగుల అవతల పెట్టాకే అగ్గిపుల్ల గీయాలి. నోట్లో కిరసనాయిలు పోసుకుని మంట ఊదే విన్యాసం గురించి ఒక్క ముక్క. ఒక్క గుటక పొరపోయి ఊపిరితిత్తుల్లోకి దిగితే తీవ్రమైన న్యుమోనియా వస్తుంది. మీ పిల్లలు ఆ మాటెత్తితే పోయ్ కూడా కట్టించేయండి.

ఒంటి మీద నూలు బట్టలే ఉండాలి, ఒంటికి పట్టినట్టు. చున్నీలు, వేలాడే చేతులు, జిమ్ టీషర్టులు వద్దు. జుట్టు తడిపి ముడి వేయాలి. ఎంత వచ్చినవాళ్లైనా ఒంటరిగా తిప్పకూడదు. పక్కన ఇంకొకరు తడిపి పిండిన మందపాటి నూలు తువ్వాలు పట్టుకుని, ఫోన్ జేబులో పెట్టుకుని నిలబడాలి. వీడియో తీసేవాళ్లను ఈ లెక్కలోకి తీసుకోకండి, వాళ్ల కళ్లు తెర మీదే ఉంటాయి. అపార్ట్‌మెంట్ మేడ ఈ పనికి పనికిరాదని నేననుకుంటాను. ఆరేసిన బట్టలు, కేబుల్ తీగలు, పిల్లగాలి, కింద ఎవరి బాల్కనీలోనో గ్యాస్ బండ. ఖాళీ మైదానం దొరకని రోజున సాక్సులు తిప్పుకుంటే చాలు.

కాలితే

అంటుకున్నది బట్ట అయితే పరుగెత్తొద్దు. పరుగుకు మంట పెరుగుతుంది. ముఖం చేతులతో కప్పుకుని నేల మీద పడి దొర్లాలి. తువ్వాలు పట్టుకున్నవాళ్లు దాన్ని విసరకుండా మీద కప్పి అదమాలి.

తర్వాత కొళాయి నీళ్లు. కాలిన చోటును కొళాయి కింద 20 నిమిషాలు ఉంచాలి. ఇరవై నిమిషాలంటే ఎంతసేపో గడియారం చూస్తేగానీ తెలియదు, రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది. ఆపకండి. ఐసు పెట్టొద్దు. టూత్‌పేస్టు, సిరా, పసుపు, నెయ్యి, బంగాళదుంప తొక్కు - పక్కింటి పిన్నిగారు ఏం తెచ్చినా మర్యాదగా పక్కన పెట్టండి. అవి వేడిని లోపలే బంధిస్తాయి, పైగా గాయం ఎంత లోతో డాక్టరుకు కనిపించకుండా చేస్తాయి. వాపు రాకముందే ఉంగరం, గాజులు, వాచీ తీసేయండి. అతుక్కున్న గుడ్డను మాత్రం పీకొద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి. వేళ్లతో సహా మన అరచేయి మన ఒంట్లో దాదాపు ఒక శాతం. గాయం అంతకన్నా పెద్దదైనా, ముఖం, చేతులు, కీళ్లు, మర్మస్థానాల మీద ఉన్నా, తెల్లబడి తోలులా గట్టిగా ఉండి నొప్పే తెలియకపోయినా ఇంట్లో వైద్యం చేయొద్దు. నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదు, లోపలి నరాలు కూడా కాలాయన్నమాట.

చివరగా ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకు. తిప్పడం అయ్యాక గుండ్లు చల్లారనిచ్చి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టించండి. తడి వత్తి ప్లాస్టిక్ కవర్లో బీరువాలో ఉంటే ఇల్లంతా కిరసనాయిలు ఆవిరి. మిగిలిన ఇంధనాన్ని నీళ్ల సీసాలోనో, కూల్‌డ్రింక్ సీసాలోనో పోసి ఉంచడం మన ఇళ్లలో పాత అలవాటు. దాహం వేసిన మూడేళ్ల పిల్లాడికి ఆ సీసా నీళ్ల సీసాలాగే కనిపిస్తుంది. ఒకవేళ తాగితే వాంతి చేయించకండి, వాంతి చేసేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఆ సీసా కూడా వెంట తీసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. ఇంధనాన్ని అది వచ్చిన డబ్బాలోనే ఉంచి, పైన పెద్ద అక్షరాలతో పేరు రాసి, అటక మీద తాళం పెట్టండి.